ఆసరాకు ఆధారము



1860వ సంవత్సరము మొదలు మదరాసు రేవునుండి అనేకులు ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాతాలు చేరిరి. వారిలో తెలుగువారును పెక్కురు. వర్ణవివక్షకు గురియైన ఆ జనులకు ఆసరా యెట్లు నిలిచినదో నేడు మనవి చేసెదను.

1894లో గాంధీగారు దర్బానులో నాతాలు ఇండియన్ కాంగ్రెసును నెలకొల్పిరి. ఆ కాలముననే బాలసుందరమను తమిళ కూలీ, తెల్లయజమాని కొట్టగా ముందుపండ్లు విరిగి, నెత్తురోడుచు ఆయనయొద్దకు వచ్చెను. గాంధీగారు అతనిని వైద్యునికి జూపి, ధ్రువపత్రము గైకొని, న్యాయాధికారికి మొరపెట్టి, వేఱొక యజమానికి మార్పించిరి. ఆ వార్త కూలీలందఱకు ధైర్యమిచ్చెను.

అయితే ఇట్టి సేవ నిలుచుటకు ధనము కావలయును. సభ్యుల చందా మొదట నెలకు 5 షిల్లింగులు. నెలనెలా వసూలు కష్టమయ్యెను. అంతట ఏటికి 3 పౌనులని మార్చిరి. మొత్తమదియే, తిరుగుడు మాత్రము తగ్గెను. ప్రతి కాసునకు రసీదు, ప్రతి వ్యయమునకు లెక్క యుండెను. తరువాత సభకై స్థిరాస్తి కొనిరి. అద్దెలు వచ్చెను గాని, తుదకు అంతఃకలహము న్యాయస్థానమున కెక్కెను.

కావున నాకు తోచిన దిది: నిలువధనముకంటె ఏటేట వచ్చు చందాయే మేలు. చందా యిచ్చువాడు లెక్క యడుగును. లెక్క చెప్పువాడు జాగరూకుడై యుండును. పిడికిటిబియ్యముతో ధర్మకార్యములు నడపిన మన పల్లెలకు ఇది క్రొత్త కాదు. అవమానితుడు ఎన్నడు తలుపు తట్టునో తెలియదు. అతడు వచ్చిన పిదప చందాకు బయలుదేరిన ఫలమేమి? దీపము ముందే వెలుగుచుండవలెను.