తల చుట్టుకొలత: ఒక్క నంబర్ కాదు, గ్రాఫ్ చూడండి

ఈ ఎపిసోడ్‌లో పసిపిల్లల తల కొలత గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు, ఇంజనీర్‌ని. కానీ ఇక్కడ సగం పని గ్రాఫ్ చదవడమే.

మన మెదడులో ఒక ద్రవం రోజూ తయారవుతుంది, మళ్లీ రక్తంలో కలిసిపోతుంది. ఆ దారిలో అడ్డు వస్తే ద్రవం లోపలే పేరుకుంటుంది. అదే హైడ్రోసెఫలస్. పసిపిల్లల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి, లోపల ఒత్తిడి పెరిగితే తలే పెద్దదవుతుంది. మనమేమో "బుర్ర పెద్దది, తెలివైనోడు అవుతాడు" అని మురిసిపోతాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరికీ మూడు నెలలు, ఇద్దరి తలా 42 సెంటీమీటర్లే. మొదటివాడు పుట్టినప్పుడు 36, రెండోవాడు 33.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్ట్‌లో మగపిల్లల మధ్య గీత పుట్టినప్పుడు 34.5, మూడు నెలలకి 40.5. అంటే పెరుగుదల 6 సెంటీమీటర్లు. మొదటివాడు సరిగ్గా అంతే పెరిగాడు. రెండోవాడు 8.5 పెరిగాడు, చార్ట్‌లో గీతలు దాటుకుంటూ పైకెళ్లాడు. డాక్టర్‌కి చూపించాల్సింది వీడిని. ఈరోజు కొలత ఒక్కటే చూస్తే ఇద్దరూ ఒకటే!

కొలవడం ఈజీనే. సాగని టేప్ తీసుకోండి. ముందు కనుబొమ్మల పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోట, చెవుల మీదుగా చుట్టండి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాయండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే వయసు లెక్క వేరు, డాక్టర్‌నే అడగండి.

గీత దాటితే జబ్బు ఉన్నట్టేనా? కాదు. కొన్ని కుటుంబాల్లో తలలే పెద్దవి. అందుకే డాక్టర్లు అమ్మానాన్నల తల కూడా కొలుస్తారు. మాడు మూసుకోకముందైతే అక్కడి నుంచే అల్ట్రాసౌండ్ తీసి లోపల చూడొచ్చు. అలాగే కొలత బాగుంది కదా అని ఊరుకోవద్దు. మాడు ఉబ్బడం, ఆగని వాంతులు, పాలు తాగకుండా మగతగా ఉండటం, నల్లగుడ్లు కిందికి దిగిపోవడం... ఇవి కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. షంట్ లాంటి ఆపరేషన్లు ఉన్నాయి. కానీ ఆలస్యమైతే మెదడుకి జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

6, 10, 14 వారాలకి టీకాలకి ఎలాగూ వెళ్తాం కదండీ. బరువు చూసినప్పుడే "తల కూడా కొలిచి, చార్ట్‌లో చుక్క పెట్టండి" అని అడగండి. ఒక్క నిమిషం పని. ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్లకి ఈ మాట చెప్పండి.