కళకు సర్కారు ఏం చేయాలి? సౌదీ అనుభవం
(నటరాజ రామకృష్ణ స్మారకోపన్యాస పాఠం)



నటరాజ రామకృష్ణ గారి పేరు మీద మాట్లాడాలంటే నాట్యం తెలిసినవాళ్లను పిలవాలి కదా అని నిర్వాహకులతో అన్నాను. నేను సౌదీ అరేబియాలో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చిన ఇంజనీరును. "అక్కడ చూసింది చెప్పండి, సంబంధం మేం కలుపుకుంటాం" అన్నారు వాళ్లు. కలుపుకోవడానికి మరీ అంత కష్టపడనక్కర్లేదు. దేవదాసీ కుటుంబాల్లో మిగిలిన వృద్ధ నర్తకులను రామకృష్ణ గారు ఊరూరా తిరిగి వెతికారు. వాళ్ల ఒంట్లో మిగిలిన అభినయాన్నీ అడుగునూ కూర్చి ఆంధ్రనాట్యాన్ని నిలబెట్టారు. జాయప సేనాని నృత్తరత్నావళిని ఒక పక్క, రామప్ప గుడి శిల్పాలను మరో పక్క పెట్టుకుని పేరిణిని మళ్లీ లేపారు. 1985 శివరాత్రికి ఆ గుడి ముంగిటే ఆడించారు. సర్కారు చేయవలసిన పనిని ఒక మనిషి నెత్తిన వేసుకున్నాడు. దేవదాసీ అంకితాన్ని నిషేధించిన 1947 మద్రాసు చట్టం ఆడపిల్లల పాలిట విముక్తి, అందులో రెండో మాట లేదు. కాని వాళ్ల చేతుల్లో, కాళ్లలో ఉన్న విద్య ఏమవ్వాలో ఆ చట్టానికి పట్టలేదు. దాన్ని పట్టించుకోవడానికి ఒక రామకృష్ణ పుట్టవలసి వచ్చింది. అలాంటివాడు పుట్టకపోతే ఏమిటన్నదే ఇవాళ్టి నా ప్రశ్న.

సౌదీ రాజ్యం ఏర్పడింది 1932లో. దమ్మాం ఏడో నంబరు బావిలో చమురు పడింది 1938లో. అంతకుముందు ఆ నేల మీద కళ అంటే బతుకులో భాగంగా ఉన్నదే. బెదూయిన్ ఆడవాళ్లు మేక వెంట్రుకలు, ఒంటె ఉన్ని వడికి, నేల మీద పరిచిన మగ్గం మీద 'సదూ' నేసేవాళ్లు. ఆ గుడ్డే గుడారం, ఆ గుడ్డే ఒంటె మీద పరుపు. తూర్పు తీరంలో ముత్యాల కోసం మునిగేవాళ్ల పాటలు, నజ్ద్‌లో కత్తులు పట్టి ఆడే అర్దా, హిజాజ్‌లో కర్రలతో ఆడే మిజ్‌మార్. చమురు డబ్బుతో గుడారం పోయి సిమెంటు ఇల్లు వచ్చింది. గుడారం లేనిచోట సదూ ఎవరికి కావాలి? ఏ కళనూ ఎవరూ గొంతు నులిమి చంపనక్కర్లేదు, దాని పని దానికి లేకుండా చేస్తే చాలు. మన మగ్గాలకు, తోలుబొమ్మలకు జరిగిందీ ఇదే.

అక్కడా ఒక రామకృష్ణ ఉన్నాడు. తారిఖ్ అబ్దుల్ హకీమ్, తాయిఫ్ మనిషి, సైనికుడు. 1952లో ప్రభుత్వం ఆయన్ని సంగీతం చదవడానికి ఈజిప్టు పంపింది. తిరిగొచ్చి సైన్యంలో సంగీత పాఠశాల పెట్టాడు. పాటలు కట్టాడు, జానపద బాణీలు పోగుచేశాడు, వాయిద్యాలు దాచిపెట్టాడు. 2012లో పోయాడు. జెద్దా పాతబస్తీ అల్-బలద్‌లో ఇప్పుడు ఆయన పేరున మ్యూజియం ఉంది. సంగీత పాఠశాల సైన్యంలో వెలవడం తమాషాగా అనిపించవచ్చు. అక్కడ సంస్కృతికి తన సొంత ఇల్లు చాలాకాలం లేదు, ఎవరో ఒకరి వసారాలో పడుకునేది. 1973లో సాహిత్య, కళల కోసం ఒక సొసైటీ పెట్టారు. సాంస్కృతిక వ్యవహారాలు యువజన సంక్షేమ శాఖ కింద ఉండేవి.

ఇంతలో 1979 నవంబరు. మక్కాలోని పెద్ద మసీదును జుహైమాన్ అనే మత తీవ్రవాది మనుషులు ఆక్రమించి రెండు వారాలు పట్టుకున్నారు. వాళ్లను అణచిన ప్రభుత్వం, వాళ్లు కోరినదాంట్లో సగం తనే అమలు చేసినట్టు ఆ తర్వాత మతపెద్దలకు పగ్గాలు వదిలేసింది. గాయనులు టీవీ తెరమీద కనిపించడం మానేశారు. సినిమా హాళ్లు లేవు. పాట పెళ్లిళ్లలోకి, ఇళ్లలోకి ముడుచుకుపోయింది. ఇదంతా 'మా సంప్రదాయం' పేరుతోనే జరిగింది, అదే విచిత్రం. అర్దా, మిజ్‌మార్ కూడా ఆ సంప్రదాయమే కదా! ఏది సంప్రదాయమో తేల్చే అధికారం ఎవరి చేతికి పోతుందో, కళ బతుకూ వాళ్ల చేతికే పోతుంది.

అయినా తలుపు మొత్తం మూసుకోలేదు. 1985లో రియాద్ శివార్లలో జనాద్రియా ఉత్సవం మొదలైంది. ఒంటెల పందెం, జానపద నృత్యాలు, చేతిపనులవాళ్ల అంగళ్లు. నడిపింది ఎవరనుకున్నారు? నేషనల్ గార్డ్, అంటే మళ్లీ సైన్యమే. రాజులు స్వయంగా కత్తి పట్టి అర్దా ఆడేవాళ్లు. 2018 ఫిబ్రవరిలో అక్కడ మన దేశమే గౌరవ అతిథి, సుష్మా స్వరాజ్ గారు వెళ్లారు. అక్కడి జనసందోహంలో బుట్టలు అల్లే ముసలాయన చుట్టూ మూగిన పిల్లలను చూసి సంతోషించాను. ఉత్సవం ముగిశాక ఆయన దగ్గర నేర్చుకునేవాడు ఎవరన్న ఆలోచన నాకూ రాలేదు, ఉత్సవానికీ వచ్చినట్టు లేదు.

దక్షిణాన అబ్హాలో అల్-ముఫ్తాహా రంగస్థలం ఉంది. 2000 ఆగస్టులో గాయకుడు తలాల్ మద్దా అక్కడ పాడుతూ పాడుతూ వేదిక మీదే కుప్పకూలి పోయాడు. దేశమంతా టీవీలో చూసింది. ఆ తర్వాత బహిరంగ కచేరీలు పలచబడిపోయాయి. 2017 జనవరిలో జెద్దాలో మహమ్మద్ అబ్దో పాడితే, ఏడేళ్ల తర్వాత అక్కడ జరిగిన మొదటి పెద్ద కచేరీ అని పత్రికలు రాశాయి.

అబ్హా నుంచి పడమటికి కొండదారిన దిగితే రిజాల్ అల్మా అనే రాతి ఊరు వస్తుంది. అంతస్తుల మీద అంతస్తులుగా కోటల్లాంటి ఇళ్లు, కిటికీల చుట్టూ తెల్ల పలుగురాళ్లు. ఆ ఊరివాళ్లే పాత కోట ఒకదాన్ని మ్యూజియం చేసుకున్నారు. లోపల అతిథుల గది గోడలు చూడాలి. తెల్లని జిప్సం పూత మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు. అడ్డపట్టీలు, వాటి మీద త్రికోణాలు, నిలువు గీతలు, మళ్లీ పట్టీలు. స్కేలు ముట్టని చేతులవి. దగ్గరికెళ్తే గీత అక్కడక్కడ వణికి ఉంటుంది, రెండడుగులు వెనక్కి వస్తే తూకం తప్పదు. దీన్ని 'అల్-ఖత్ అల్-అసీరీ' అంటారు. మన ముగ్గులాగే ఇది ఆడవాళ్ల విద్య, కాకపోతే పొద్దున్నకు చెరిగిపోదు. ఇల్లాలు చుట్టపక్కాల్లోని ఆడవాళ్లను పిలుస్తుంది. పెద్దామె గీత గీస్తుంది, చిన్నపిల్లలు రంగు నింపుతారు. రంగు నింపుతూనే పిల్ల గీత పట్టుకుంటుంది. బడి లేదు, పాఠం లేదు. బాగా చేయి తిరిగినవాళ్లను డబ్బిచ్చి పిలిపించుకోవడమూ ఉండేది. భర్త పోయాక ఇళ్ల గోడలు రాసి పిల్లలను పెంచుకున్న ఫాతిమా అబూ గహాస్ పేరు ఆ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. ముసలితనంలో ఆమె తర్వాతి తరం ఆడవాళ్లకు నేర్పింది. 2010 ప్రాంతంలో కన్నుమూసింది.

యునెస్కో తన జాబితాలో అల్-ఖత్‌ను చేర్చింది 2017లో. నజ్ద్ అర్దాను 2015లో, మిజ్‌మార్‌ను 2016లో, కువైట్‌తో కలిపి సదూను 2020లో చేర్చింది. జాబితాలో పేరెక్కడం ఒక ఎత్తు, ఫాతిమా తర్వాత ఇంకో ఫాతిమా రావడం ఇంకో ఎత్తు. ఈ తేడా సౌదీ ప్రభుత్వానికి ఆలస్యంగానైనా అర్థమైనట్టుంది. 2003లో సమాచార శాఖకు తోకగా తగిలించిన సంస్కృతిని 2018 జూన్‌లో విడదీసి, సొంత మంత్రిత్వశాఖ పెట్టారు. జనాద్రియాను కూడా 2019లో సైన్యం నుంచి ఆ శాఖకు అప్పగించారు. 2020లో ఆ శాఖ కింద పదకొండు కమిషన్లు వచ్చాయి. వారసత్వానికొకటి, సంగీతానికొకటి, నాటకానికొకటి, చివరికి వంటకూ ఒకటి. 2021లో కళలకు అప్పులూ గ్రాంట్లూ ఇచ్చే సాంస్కృతికాభివృద్ధి నిధి పెట్టారు. అదే ఏడాది రియాద్‌లో సంప్రదాయ కళల రాయల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. నన్ను ఆకట్టుకుంది ఇదే. ఉస్తాదు దగ్గర శిష్యుడు కూర్చుని పనిచేస్తూ నేర్చుకునే పద్ధతిని కోర్సుగా మార్చారు. ఇక ఏడాదికో పేరు పెట్టడం వాళ్లకో సరదా. 2022 కాఫీ, 2023 అరబ్బీ కవిత్వం, 2024 ఒంటె, 2025 చేతిపనులు. పేర్లు పెట్టడం మనకూ వచ్చు. కాని చేతిపనుల ఏడాది అన్నప్పుడు బడ్జెట్టూ, బడీ, బజారూ మూడూ దాని వెనక ఉన్నాయి.

ఇంత చెప్పి అక్కడ అంతా బాగుందంటే అది అబద్ధం. పైనుంచి ఒక్క చేయి నలభై ఏళ్లు మూసింది, ఇప్పుడు అదే ఒక్క చేయి తెరిచింది. కచేరీల వెలుగులు తిరిగి రావడానికి కాస్త ముందు, 2015లో, అష్రఫ్ ఫయాద్ అనే పాలస్తీనా కవికి రాసిన కవితల వల్ల మరణశిక్ష వేశారు. మరుసటి ఏడు దాన్ని ఎనిమిదేళ్ల జైలుకూ కొరడా దెబ్బలకూ తగ్గించారు. కళకు డబ్బు పెట్టే సర్కారు, కళ ఏం మాట్లాడాలో కూడా తనే చెబుతుంది. విదేశీ కూలీకి ఆ విధానంలో చోటే లేదు. రియాద్ బథా ప్రాంతంలో శుక్రవారం సాయంత్రాలు మనవాళ్లు గుమికూడతారు. అక్కడ జగిత్యాల వైపు ఒగ్గుకథ చెప్పే కుటుంబం నుంచి వచ్చిన ఒక డ్రైవరు ఖాళీ నీళ్ల డ్రమ్ము మీద దరువు వేస్తే క్యాంపులో నిద్రపోతున్నవాళ్లు లేచి వచ్చారు. "మీ నాయన డోలు ఎవరు వాయిస్తున్నారిప్పుడు?" అని అడిగాను. "అటక మీదుంది సారూ" అన్నాడు. ఆ డోలు అటకెక్కింది సౌదీ వల్ల కాదు, మన వల్ల.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడే, 1957లో, సంగీత నాటక అకాడమీ, సాహిత్య అకాడమీ వచ్చాయి. సౌదీ సొసైటీ కంటే పదహారేళ్ల ముందు. 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం అకాడమీలన్నిటినీ ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. పైరవీలు, అనుయాయులకు పంచిపెట్టడం వంటివి అకాడమీల్లో లేవని నేననను. తెగులు పట్టిన చేనుకు మందు కొట్టాలి గాని కాల్చేయకూడదు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి ఆ బాధ్యతలు దానికి అప్పగించారు. పరిశోధన జరిగింది, పట్టాలు వచ్చాయి. ఊళ్లో చిందు భాగోతం ఆడేవాడికి మాత్రం ఏ గుమ్మం తట్టాలో తెలియకుండా పోయింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో సాంస్కృతిక సారథి వచ్చింది. 550 మంది కళాకారులకు నెలజీతం ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదు, జీతం అందుకున్న కుటుంబాలను అడగండి. కాని వాళ్లు ఎక్కువగా పాడింది సర్కారు పథకాల మీద పాటలు.

పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024 మేలో ఆయన తుర్కయంజాల్‌లో కూలిపని చేస్తున్న వీడియో బయటికొచ్చింది. నెలనెలా వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయన చెప్పారు. ఆ తర్వాత అధికారులు కదిలారు. నేను అడిగేది ఇంకోటి. ఆ పదివేలు ఆగకుండా వచ్చినా, కిన్నెర ఎవరికి వచ్చేది? జపాన్ 1950లోనే చట్టం చేసింది. సంప్రదాయ విద్యల్లో దిట్టలైనవాళ్లను గుర్తించి, ఏటా ఇరవై లక్షల యెన్‌లు ఇస్తుంది. అది బతకడానికి కాదు, శిష్యులను తయారుచేయడానికి. మనం గురువుకు పతకం ఇచ్చి శిష్యుణ్ని మర్చిపోతాం.

సర్కారు పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం మనకు దగ్గర్లోనే ఉంది. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డులుగా వచ్చిన సిద్దీలు, హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులు మన హైదరాబాద్‌కు మర్ఫా వాయిద్యం తెచ్చారు. మిజ్‌మార్ దరువు విన్నప్పుడు నాకు అది గుర్తుకొచ్చింది. హిజాజ్‌లో తెల్ల దుస్తులవాళ్లు రెండు వరుసల్లో ఎదురెదురు నిలబడి కర్రలు తిప్పే ఆటకు యునెస్కో గుర్తింపు, కమిషన్, ప్రభుత్వ వేదిక ఉన్నాయి. మన మర్ఫావాళ్లకు పెళ్లి బరాత్ ఉంది, అదీ డీజే వద్దనుకున్న పెళ్లికొడుకు దొరికితే.

కాబట్టి మనం అడగవలసింది ఉత్సవం కాదు, పురస్కారం కూడా కాదు. మొదట చట్టం. ముఖ్యమంత్రి మారినా, కలం విసురుకు పోకుండా ఉండే చట్టం. దాని కింద ఏర్పడే మండలిలో కళాకారులే ఎక్కువమంది ఉండాలి, ఏం పాడాలో చెప్పే అధికారం ఏ శాఖకూ ఉండకూడదు. సౌదీ నుంచి డబ్బు పెట్టే ధైర్యం తెచ్చుకుందాం, నోరు మూయించే అలవాటు అక్కడే ఉంచేద్దాం. గురువుకు ఇచ్చే ప్రతి రూపాయీ శిష్యుడి లెక్కకు ముడిపడాలి. ఒగ్గు, చిందు, బుర్రకథ, తోలుబొమ్మ, కిన్నెర, మర్ఫా, ఇవి తెలిసిన ప్రతి ఇంటి పేరూ మండలాలవారీగా నమోదు కావాలి. వాళ్ల జిల్లా బడుల్లో వారానికి ఒక పీరియడు వాళ్లకే ఇవ్వాలి, గెస్టు లెక్చరరుకిచ్చే వేతనంతో. కేరళ కళామండలాన్ని 1930లో వళ్లథోల్ మొదలుపెడితే, తర్వాత ప్రభుత్వం చేతికి తీసుకుంది, ఇవాళ అది విశ్వవిద్యాలయ హోదాతో నడుస్తోంది. కథకళి ఆడే కుర్రాడికి అక్కడ గుమ్మం వెతుక్కునే బాధ లేదు.

దీనికి ఎంత ఖర్చవుతుందని మీరు అడగవచ్చు. నాకంటే బాగా చెప్పగలిగిన శాసనసభ్యులు ఇద్దరు మన ముందు వరుసలోనే కూర్చున్నారు. సభ అయ్యాక టీ ఉంది, వాళ్లను వెంటనే వెళ్లనివ్వకండి.