మన్యమునుండి అండమానుకు మిత్రయాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగము)



డుంబ్రిగుడ ప్రాంతమునకు యాత్రికులు క్రొత్తవారు కారు. చలికాలము వచ్చెనా, చాపరాయికడ బండ్లు బారులు తీరును. రాతిచట్టుమీద జారు నీటిలో పట్టణపు బిడ్డలు కేరింతలు కొట్టుదురు. పెద్దలు థింసా ఆడు స్త్రీల ప్రక్కన నిలువబడి ఛాయాచిత్రములు తీయించుకొందురు. వచ్చువారిలో మంచివారు అనేకులు. అడిగి తీయువారున్నారు, అడుగక తీయువారును ఉన్నారు. అరుగుమీద కూర్చున్న అవ్వ ముక్కుపోగులను తేరిపార చూచి, ఆమె పేరైనను అడుగక పోవువారును కలరు. ఇతరుల చూపునకు వస్తువగుట ఎట్టిదో ఈ లోయవారికి ఎవరును నేర్పనక్కరలేదు.

అట్టి లోయవారు తామే యాత్రికులై, నలుగురు మిత్రులు కలిసి దూరదేశమునకు పోయినచో ఎట్లు పోవలెను? అచ్చట ఏమి చూడవలెను? ఏమి చూడకుండ విడువవలెను? ఈ ప్రశ్నకు అండమాను దీవులకన్న తగిన చోటు వేరొకటి లేదు.

అండమాను నికోబారు దీవులు 1956 నవంబరు 1వ తేదీనుండి కేంద్రపాలిత ప్రాంతముగ నున్నవి. దీవులు, తిప్పలు, నీటిలో తేలు రాళ్లు అన్నియు కలిపి 836 అని ప్రభుత్వపు లెక్క. వానిలో జనవాసము గలవి ముప్పది చిల్లర మాత్రమే. దక్షిణపు కొసనుండి సుమత్రా చేరువ, మన తీరము దూరము. అండమానులో ఎత్తైన శిఖరము శాడిల్ పీకు. దాని ఎత్తు 732 మీటర్లు. అరకులోయ నేలయే సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైన ఉన్నది. కనుక ఈ ప్రాంతపు రైతు తన వలిసె చేనిలో నిలిచినను ఆ దీవులలోని పర్వతమునకంటె ఎత్తున నిలిచినట్లే.

అరకులో రైలెక్కినవారు సొరంగము వెంట సొరంగము దాటి, బొర్రా మీదుగా విశాఖపట్టణము దిగుదురు. అచటినుండి పోర్టుబ్లెయిరునకు సముద్రముపై సుమారు 1200 కిలోమీటర్లు. ఆ పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. విమానము కొద్ది గంటలలో చేర్చును. ఓడకు రమారమి మూడు దినములు పట్టును. తీరిక గలవారికి ఓడయే మేలు. దూరమనగా ఏమో ఓడ నేర్పినట్లు విమానము నేర్పదు.

ఒంటరిగా పోదగిన యాత్రలు కొన్ని, నలుగురితో పోదగినవి కొన్ని. ఇది రెండవ తెగకు చెందినది. ఓడలో మొదటి రాత్రి కొండవానికి గొప్ప పరీక్ష. కాలిక్రింద నేల కదలుట అతడు పుట్టి యెరుగని సంగతి. కడుపులో త్రిప్పుచుండగా నిమ్మకాయ చేతికిచ్చువాడు, నీళ్లు పట్టువాడు, “తెల్లవారును, పడుకో” యని చెప్పువాడు ప్రక్కన ఉండవలెను. తెల్లవారిన పిమ్మట మరియొక వింత. కొండవాడు ఎక్కడ నడచినను ఒక కొండను గురుతుగా పెట్టుకొని నడచును. అక్కడ గురుతు లేదు. నలుదిక్కుల నీరే, దానిపై ఎడతెగని గాలియే.

ఆ గాలి మాత్రము ఈ కొండలకు పరాయిది కాదు. నైరుతి ఋతుపవనములు కేరళను తాకుటకు ముందే, మే నెల మూడవ వారము ప్రాంతమున, ఆ దీవులపై దిగును. అక్కడ ఏటికి రమారమి 3000 మిల్లీమీటర్ల వాన కురియును. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపాను అండమాను సముద్రముననే పుట్టినది. 8వ తేదీన ఆ దీవులను దాటి, 12వ తేదీన విశాఖపట్టణమున తీరమెక్కి, ఈ ఏజెన్సీ కాఫీ తోటలలో నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్లను కూల్చివేసినది. చెట్టు విరిగినప్పుడు ఇక్కడివారు తమ నష్టమును తలచిరి. నాలుగు దినముల ముందు ఆ గాలియే ఎవరి కప్పులు లేపినదో ఎందరు తలచిరి? యాత్రికులు మొదట తెలిసికొనవలసిన చుట్టరికమిది. అందుచేత మే మొదలు సెప్టెంబరు వరకు సముద్రము పొంగియుండు కాలము మాని, డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు గల నెలలలో పోవుట మంచిది.

ఓడలోని మిత్రులు తలచుకొనవలసిన సంగతి మరియొకటి కలదు. ఈ సముద్రముమీద మన్యమువారు పూర్వము కూడ పోయిరి. టిక్కెట్టు కొని పోలేదు, సంకెళ్లతో పోయిరి. 1858 మార్చిలో ఆంగ్లేయులు 200 మంది ఖైదీలతో అక్కడ శిక్షాస్థానము నెలకొల్పిరి. 1879లో లేచిన రంప పితూరీ అణగిన పిమ్మట అనేకులను ఆ దీవులకు పంపిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో ఆరంభమై, 1924 మే 7న అల్లూరి సీతారామరాజు మరణముతో వెనుకబట్టిన పోరాటములో పట్టుబడినవారిలోను కొందరికి ఆ శిక్షయే పడెను. గాం మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1951-52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో విశాఖపట్టణము స్థానమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

1896లో ఆరంభించి 1906 నాటికి ముగించిన సెల్యులార్ జైలు నేడు జాతీయ స్మారకము. నడుమ గోపురము, దానినుండి చక్రపు ఆకులవలె ఏడు భాగములు, మూడంతస్తులు, ఏడువందలకు కొంచెము తక్కువగా గదులు. ఏడింటిలో మూడు భాగములు నిలిచియున్నవి. ఆ కట్టడములో గమనింపదగిన కౌశలమొకటి ఉన్నది. ఒక భాగపు ముఖము వేరొక భాగపు వీపును చూచునట్లు కట్టిరి. ఒక గదిలోనివానికి ఎదుటి గదిలోనివాని ముఖము కానరాదు. గానుగ త్రిప్పించుట, కొబ్బరిపీచు కొట్టించుట దేహమునకు శిక్ష. మిత్రుని ముఖము కానరాకుండ చేయుట మనస్సునకు శిక్ష. అయినను ఖైదీలు ఒకటైరి. 1937లో నిరాహారదీక్ష పట్టిరి. 1938 తొలిదినముల నాటికి రాజకీయ ఖైదీలు స్వదేశపు నేలను చేరిరి.

మిత్రులతో పోయిన యాత్రికుడు ఆ గదిలో ఒక్క నిమిషమైనను ఒంటరిగా నిలువవలెను. తరువాత వెలుపలికి వచ్చి తనవారి ముఖములు చూడవలెను. నలుగురు కలిసి పోయినందుకు ఫలము అప్పుడు తెలియును.

ఊరిలోనికి వచ్చినచో మనస్సు తేలికపడును. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వలలతో, కూలిపనులతో పోయి స్థిరపడిన కుటుంబములు అక్కడ పెక్కు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల జనము 3,80,581. నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. అంగడిలో “ఏ ఊరు మీది?” యను పలుకు వినబడినప్పుడు సముద్రము కొంత ఇంకినట్లు తోచును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి దక్షిణపు కొసనున్న ఇందిరా పాయింటు నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగినది. దీపస్తంభపు పాదము నీట మునిగినది. అంతటి దెబ్బ తిన్న దీవులలోనే వారు బ్రతుకు నిలుపుకొనిరి. అట్టివారితో ఒక పూట కూర్చుండి మాటలాడుట పది సముద్రతీరములు చూచుటకంటె లాభము.

ఇక కడపటిది, మిక్కిలి కష్టమైనది, అడవిబాట. ఆ దీవుల ఆదివాసులు బయటివారు రాకమునుపు వేలకొలది ఉండిరి. 1858 తరువాత వచ్చినవారితోపాటు వ్యాధులును వచ్చినవి. 1877లో తట్టమ్మ సోకి ఊళ్లు ఖాళీ అయినవి. గ్రేట్ అండమానీయులు నేడు పదుల సంఖ్యలో మిగిలిరి. జారవాలు 1990 దశకపు చివరి వరకును బయటివారిని దరిచేరనీయలేదు. వారి అడవి నడుమ పెద్ద బాట వేసిరి. 2012లో ఆ అడవిలో తినుబండారముల ఆశ చూపి జారవా స్త్రీలచేత నాట్యము చేయించిన చిత్రము వెల్లడికాగా దేశము తలవంచుకొనెను. 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధన ప్రకారము వారి ప్రదేశమున ప్రవేశించుట నిషిద్ధము. బాటపై బండి ఆపుటయు, చిత్రము తీయుటయు, తినుబండారము ఇచ్చుటయు కూడదు.

ఈ సంగతి విని ఢిల్లీవాడు ఆశ్చర్యపడవచ్చును. డుంబ్రిగుడవాడు ఆశ్చర్యపడడు. థింసా పంట ఇంటికి వచ్చినప్పుడు, పెండ్లినాడు, పండుగనాడు ఆడునది. పరాయివాడు చేయి ఊపినప్పుడు ఆడునది కాదని ఇక్కడి పసిబిడ్డకును తెలియును. గిరిజనుల భూమి పరులపాలు కాకూడదని 1970లో వచ్చిన ఒకటవ నిబంధన ఇక్కడి బ్రతుకునకు ఎట్టి కంచెయో, అక్కడివారికి ఆ నిబంధన అట్టి కంచె. కంచె విలువ యెరిగినవాడు ఇతరుల కంచె దాటరాదు.

ఉత్తరపు దీవులకు సముద్రమార్గమున పోవు ఓడలును కలవు. బండివాడు “అడవిబాటన పోయిన జారవాలు కనబడుదురు” అని ఆశ చూపును. నలుగురిలో ముగ్గురు “పోయి చూతము” అందురు. అప్పుడు నాలుగవవాడు “వద్దు, ఓడలో పోదము” అనవలెను. మిత్రుడనగా నిమ్మకాయ ఇచ్చువాడు మాత్రమే కాడు, ఈ మాట అనగలవాడును మిత్రుడే. తక్కిన ముగ్గురు కొంత గొణుగుకొని, ఆ మాట వినవలెను.

ఈ ఉత్సవ సమయమున గ్రంథాలయమునకు ఒక పని విన్నవించుట అవసరము. అండమానుకు పోయి తిరిగి రాని మన్యమువారి పేర్లన్నియు పుస్తకములకు ఎక్కలేదు. పెద్దల నోట మిగిలినవానిని, వారు ఉండగనే, అడిగి వ్రాయవలెను. ఊరు, ఇంటిపేరు, పోయిన ఏడు, ఎవరు చెప్పిరో, అన్నియు ఒక పుస్తకమున ఎక్కించి ఈ బీరువాలో ఉంచవలెను. అండమాను యాత్రకు పోవు మిత్రులు ఆ పుస్తకమును మొదట చదివి పోవుదురు గాక. తిరిగివచ్చి, తాము చూచినదానిని దాని వెనుక పుటలలో వ్రాయుదురు గాక. మరునాడు చాపరాయికడ ఎవరైన అడుగక అవ్వ బొమ్మ తీయబోయిన, ఆ యాత్రికులే ముందుకు వచ్చి, కోపము లేక, “మొదట ఆమె పేరు అడుగుడు” అని చెప్పుదురు గాక.