రెండెకరాల ఇరవై గుంటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సాఫ్ట్‌వేర్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నేను రాసిన ఒక తప్పు ప్రోగ్రాం గురించి చెబుతాను.

ఎల్లంతకుంటలో మా ఇంట్లో భూమి పంపకాల ముచ్చట వచ్చినప్పుడు, లెక్క నేను చూస్తానని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. కాగితాల్లో ఉన్న అంకెలు ఉన్నట్టే ఎక్కించాను. రెండు ముక్కలు, ఒక్కొక్కటి 1.25. కంప్యూటర్ 2.50 అని చూపించింది. బాపు చూసి, "యాభై గుంటలేంది బిడ్డా? నలభై గుంటలకే ఎకరమైతది గదా!" అన్నాడు. అసలు జవాబు 3.10, అంటే మూడెకరాల పది గుంటలు. నా జవాబును రెండున్నర ఎకరాలని చదివితే ముప్పై గుంటలు మాయమైనట్టే.

మన దగ్గర ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎడమ పక్క ఎకరాలు, కుడి పక్క గుంటలు. 2.20 అంటే రెండున్నర ఎకరాలు. సెంట్లలో లెక్కించే ఆంధ్రలో అదే 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4,000 రూపాయలు. మన 2.20కి 10,000 రావాలి. దశాంశమనుకుంటే 8,800 అవుతుంది. పైగా కంప్యూటర్ చివరి సున్నాను వదిలేసి 2.2 అని చూపించవచ్చు. చూసేవాళ్లు రెండు గుంటలనుకుంటారు.

ప్రోగ్రాంను మళ్లీ రాశాను. మొదటిసారి ప్రతి కొలత నుంచి ప్రతి కొలతకు వేరే సూత్రం పెట్టాను. ఐదు కొలతలుంటే ఇరవై సూత్రాలు. ఏది తప్పో దొరకదు. రెండోసారి అన్నింటినీ ముందు చదరపు గజాల్లోకి మార్చాను. దానికి ఒక్క పట్టిక చాలు: ఎకరం 4,840, గుంట 121, సెంటు 48.4. కూడికలు, భాగాలు అన్నీ గజాల్లోనే జరుగుతాయి. చూపించేటప్పుడు మాత్రమే తిరిగి ఎకరాలు, గుంటలు. కాగితంలోని 2.20ని సంఖ్యగా కాకుండా అక్షరాలుగా తీసుకుని, చుక్క దగ్గర విడగొట్టాను. గుంటలు నలభై లేదా అంతకు మించి ఉంటే ప్రోగ్రాం ఒప్పుకోదు. లోపలి పేర్లలో కూడా ఉత్త 'విస్తీర్ణం' అని కాకుండా 'విస్తీర్ణం గజాల్లో' అని రాశాను. చివరికి బాపు చెప్పిన లెక్కనే పరీక్షగా పెట్టాను: 1.25కు 1.25 కలిపితే 3.10 రావాలి.

ఇది మన ఊరి తిప్పలే అనుకోకండి. 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నాశనమైంది. ఒక ప్రోగ్రాం పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను ఇంకో ప్రోగ్రాం న్యూటన్ల లెక్క అనుకున్నది.

జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే ఇదే బడిలో సార్లు మార్కు కోసేవారు. అప్పుడు కోపమొచ్చేది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు నేనూ అదే చెబుతున్నాను. దానితోపాటు ఇంకొకటి: ప్రోగ్రాం రాసే ముందు ఆ కొలతతో బతికేవాళ్లను ఒక్కసారి అడగండి.