చైత్రంలో పెరటి పని, ఏటి ఒడ్డు నడక

ఉగాది దగ్గరపడేసరికి నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వేప పూతకొస్తుంది. పెరట్లో బీర, సొర, కాకర విత్తనాలు పెట్టడానికి ఇది మంచి అదును. మన ఎర్ర చెలక నేలలు తడిని ఎక్కువసేపు నిలుపుకోవు. అందుకే ప్రతి పాదులోనూ బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. కాకర గింజ పెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టి, వేలి కణుపు లోతున పెడితే త్వరగా మొలుస్తుంది. మొలకెత్తాక మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరచి, పొద్దున్నే నీళ్లు పోయండి. అప్పుడు ఎండకు తడి అంత త్వరగా ఆరిపోదు.

ఎండ చల్లబడ్డాక పిల్లలను వెంటబెట్టుకొని ఏటి ఒడ్డున నడవండి. పాలమూరు వైపు వారికి బీచుపల్లి దగ్గర కృష్ణాతీరం ఉంది. నల్లగొండ జిల్లా వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. సంగమం దగ్గరే అగస్త్యేశ్వరాలయం. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మురుగునంతా మోసుకుంటూ ఇక్కడిదాకా వస్తోంది. ఆ సంగతి పిల్లలకు అక్కడే చెప్పండి. ఒడ్డున ప్లాస్టిక్ పారేయకండి, పారేసేవారిని వారించండి. మన పాదులకు నీరిచ్చే నదులను శుభ్రంగా ఉంచడం మన బాధ్యత.