ఇళ్ల సమస్య: ఎంగెల్స్ అనని మాట

ఇది మా మాస్టారి స్మారకోపన్యాసం. ఆయన పాండిత్యం గురించి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను చెప్పేది ఒక్కటే. ఆయన జీవితమంతా అద్దె ఇళ్లలోనే గడిపారు. అయినా అద్దెదారుల సంఘం పెడదామని నేను అన్నప్పుడల్లా కాఫీ తెప్పించి, ఎంగెల్స్ ‘ఇళ్ల సమస్య’ పుస్తకం బల్ల మీద పెట్టి నా నోరు మూయించేవారు. ఆ పేచీ తెగకుండానే వెళ్లిపోయారు. ఇవాళ మైకు నా చేతిలో ఉంది.

1915 గ్లాస్గో అద్దె సమ్మె, మేరీ బార్బర్ వెంట కదిలిన ఆడవాళ్లు, ఆ ఏడాది చివర్లోనే బ్రిటన్ తెచ్చిన అద్దె నియంత్రణ చట్టం, 1931 బార్సిలోనా సమ్మె, ఇవన్నీ ఈ సభకు తెలిసినవే. అద్దె నియంత్రణ వల్ల లాభమా నష్టమా అన్న ఆర్థికవేత్తల తగవులోకీ నేను పోను. నేనడిగేది వేరు. ఇంటి మీద పెత్తనం ఓనరుకో సర్కారుకో ఉండాల్సిందేనా? అందులో కాపురముండేవాళ్లు కలిసి నడుపుకోకూడదా? కలిసి నడుపుకోవాలనే అంటారు స్వేచ్ఛా కమ్యూనిస్టులు, అంటే రాజ్యం పెత్తనం కూడా వద్దనే కమ్యూనిస్టులు. ఖాళీ ఇళ్లెన్నో, ఇరుకిళ్లెన్నో పేటలోని జనమే లెక్క రాసుకుంటారని వాళ్లలో ఒకడైన క్రొపొట్కిన్ 1892లో రాశాడు. మునిసిపల్ ఇళ్లను అద్దెదారులకే అప్పగించాలని కాలిన్ వార్డ్ 1974లో ఏకంగా పుస్తకమే వేశాడు. మన వామపక్ష మిత్రులు దీన్నంతా ఒక్క ముక్కలో కొట్టేస్తారు: ఎంగెల్స్ ఎప్పుడో ఖండించాడు కదా!

దేన్ని ఖండించాడు? 1872లో లైప్‌జిగ్ నుంచి వెలువడే ‘ఫోక్స్‌స్టాట్’ పత్రికలో ఫ్రెంచి అరాచకవాది ప్రూధోన్ శిష్యుడు ముల్‌బెర్గర్ ఒక మందు సూచించాడు. అద్దెను ఇంటి ఖరీదు కింద వాయిదాలుగా జమకట్టాలి, తీరాక అద్దెదారే ఓనరవుతాడు. ఎంగెల్స్ విరుచుకుపడింది దీని మీద. సొంత కొంప, పెరడు ఉన్న జర్మన్ కుటీర కార్మికుడు ఊరు కదల్లేక ఎంత తక్కువ కూలికైనా లొంగిపోతున్నాడని చూపించాడు. ఆ వాదనలో నాకు పేచీ లేదు. బ్రిటన్‌లో జరిగిందీ అదే: 1980 చట్టంతో థాచర్ ప్రభుత్వం మునిసిపల్ ఇళ్లను అద్దెదారులకు చౌకగా అమ్మింది. వాటిలో చాలా ఇళ్లు చేతులు మారి మళ్లీ ప్రైవేటు ఓనర్ల అద్దె ఇళ్లయ్యాయి. కాని ఒక్కొక్కరిని ఓనరు చేయడం ఒకటి, అందరూ కలిసి నడుపుకోవడం మరొకటి. మొదటిదాన్ని తిట్టిన తిట్లను రెండోదానికి అంటగట్టడం ఏం న్యాయం?

అదే పుస్తకం మూడో భాగం చూడండి. శ్రామిక జనం ఇళ్లకు ఉమ్మడి యజమానులుగా ఉంటారనీ, కనీసం సంధికాలంలో వాటిని వ్యక్తులకో సంఘాలకో ఖర్చు రాబట్టుకోకుండా ఇవ్వరనీ ఎంగెల్స్ అంటాడు. సంఘాలకు! మాస్టారి ప్రతిలో ఈ పేజీకి గీత కూడా లేదు. లెనిన్ ‘రాజ్యం–విప్లవం’లో ఈ భాగాన్నే ఎత్తి చూపుతూ, ఇళ్ల పంపకానికీ అద్దె వసూలుకూ ఏదో ఒక రాజ్యరూపం కావాలిగాని ప్రత్యేక హోదాలున్న అధికారగణం అక్కర్లేదన్నాడు. అది 1917 మాట. 1924 నుంచి సోవియట్ నగరాల్లో అద్దెదారుల సహకార సంఘాలు చట్టబద్ధంగా ఇళ్లు నడిపాయి. 1937 అక్టోబరులో వాటిని రద్దు చేసి, ఇళ్లను స్థానిక సోవియట్లకూ సంస్థలకూ అప్పగించారు. అద్దెదారుల చేతిలోంచి ఇళ్లు లాక్కున్న ఆ పనికి ఎంగెల్స్‌ను సాక్షిగా పిలవకండి.

పెట్టుబడిదారీ విధానంలో ఇదంతా భ్రమేనని మాస్టారి రెండో బాణం. దానికి ఉరుగ్వే చూపిస్తాను. 1968 గృహనిర్మాణ చట్టం సహకార సంఘాలకు దారి తెరిచింది. 1970లో వాటి సమాఖ్య ‘ఫుక్వామ్’ ఏర్పడింది. సభ్యులు వారానికిన్ని గంటలని తామే ఇళ్ల కట్టుబడి పని చేస్తారు. ఇల్లు సంఘానిది, కుటుంబానికి దక్కేది వాడకపు హక్కు. 1983లో సైనిక ప్రభుత్వం ఈ ఇళ్లను విడివిడి సొంత ఆస్తులుగా మార్చే చట్టం తెచ్చింది. దాని మీద జనాభిప్రాయ సేకరణ కోరుతూ, మరుసటి ఫిబ్రవరిలో ఒక్క రోజున మూడు లక్షలకు పైగా సంతకాలు పోగుచేశారు. ఇళ్లకు అప్పు ఇచ్చింది సర్కారేనన్నది నిజం. సర్కారు అప్పిచ్చినంత మాత్రాన పెత్తనం కూడా ఇచ్చేయాలని వాళ్లు ఒప్పుకోలేదు.

ఇక మన దగ్గర గృహనిర్మాణ సహకార సంఘాలు స్థలం కొంటాయి, లేఅవుట్ వేస్తాయి, ప్లాట్లు తలా ఒకటి రిజిస్టరు చేస్తాయి. ఆ తర్వాత సంఘానికి మిగిలేది బోర్డే. అందుకే నేనిప్పుడు మన 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టాన్ని దగ్గర పెట్టుకుని ఒక నమూనా నియమావళి రాస్తున్నాను. భవనం సంఘం పేర, గదులు సభ్యుల వాడకంలో, అమ్మకం నిషిద్ధం. వారసత్వం దగ్గర, బాకీపడిన సభ్యుణ్ణి ఏం చేయాలన్న దగ్గర కలం ఆగింది. సభలో న్యాయవాదులు, సహకార శాఖలో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు. చిత్తుప్రతి తెచ్చాను, ముందు వరుసలో బల్ల మీద ఉంది. తీసుకెళ్లి తప్పులు దిద్ది పంపండి. నాకిచ్చే పారితోషికాన్ని నిర్వాహకులు దాని అచ్చుకే వాడాలి.