చదువుకు ముందు అన్నం
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగం)



రాజపాళయంలో మన ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం. ఆకలికి మాత్రం రెండూ ఒకటే. ఈ సంగతి మొదట గుర్తించినవారిలో ఒక తెలుగువారున్నారు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టి గారు థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు తిండి పెట్టించారు. తరువాత 1956లో మన విరుదునగరంలో పుట్టిన కామరాజు గారు, 1982లో ఎం.జి.ఆర్. గారు దానిని పెంచారు. 2022లో ఉదయం టిఫిన్ కూడా వచ్చింది.

పెట్టడం ఒక ఎత్తు, నేర్పడం ఇంకో ఎత్తు. ప్రపంచ బ్యాంకు సాయంతో 1980లో మన రాష్ట్రంలో సమగ్ర పోషకాహార పథకం మొదలైంది. అందులో నేను కొన్నేళ్ళు కార్యకర్తగా పనిచేశాను. మూడేళ్ళలోపు పిల్లలను నెలనెలా తూచి కార్డు మీద చుక్క పెట్టేవాళ్ళం. బరువు పెరగని బిడ్డకు మాత్రమే 90 రోజులు పోషకాహారం ఇచ్చి, తల్లికి ఆ గీత చూపించి మాట్లాడేవాళ్ళం. అందరికీ పంచడం కాదు, తల్లికి తెలియజేయడమే ముఖ్యమని ఆ పథకం ఉద్దేశం.

ఛత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే ఒక తల్లికి రాగిజావ, మునగాకు గురించి గట్టిగానే చెప్పాను. ఆమె అంతా విని, "అక్కా, ఇవన్నీ నాకు తెలుసు. తెల్లవారితే మగ్గం కాడికి పోతాను, చీకటిపడ్డాక వస్తాను. జావ ఎవరు కాస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మరుసటి నెల నుంచి ఇంట్లో వుండే అవ్వను కూడా కూర్చోబెట్టి చెప్పాను. ఆ బిడ్డ గీత పైకి లేచింది. ప్రభుత్వం వేసే పోస్టర్లలో ఈ అవ్వ ఎప్పుడూ కనిపించదు, ఎందుకో!

ఊరికి చెప్పిన నేను ఇంట్లో ఓడిపోయాను. మా అమ్మాయి ప్లస్ టూ చదివేటప్పుడు ట్యూషన్ తొందరలో కాఫీ తాగి వెళ్ళిపోయేది. మార్కులు అడిగాను గాని, తిన్నావా అని అడగలేదు. ఒకరోజు బడి ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 మాత్రమే. ఆ సంవత్సరం దాని చదువు చాలా వెనుకబడింది. దానికి నేనే కారణం, ఇంకెవరూ కాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత కనిపించింది. బడులలో వారానికొకసారి ఇనుము మాత్రలు ఇచ్చే పథకం 2013 నుంచి వుంది. కడుపులో తిప్పుతుందని మాత్రను పుస్తకాల సంచిలో దాచే పిల్లలను చూశాను. పరగడుపున కాక అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. వెంటనే టీ, కాఫీ తాగకండి. ఒక నిమ్మకాయో, ఉసిరికాయో తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఈ రోజు చెక్కు అందుకుంటున్న అమ్మాయిలు ఈ నెలలోనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి. 12 కంటే తక్కువ వస్తే ఆ కాగితం మీ నాన్నగారి చేతికే ఇవ్వండి.